చెన్నై వానలకు సెప్టెంబరులోనే చేసుకోవాల్సిన పనులు

గోదావరి జిల్లాల నుంచో హైదరాబాదు నుంచో వచ్చి చెన్నైలో స్థిరపడినవాళ్ళకి వానాకాలం అంటే జూన్ అనే లెక్క ఉంటుంది. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. నెల్లూరువాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. చెన్నైలో ఏడాదికి కురిసే సుమారు 1,400 మిల్లీమీటర్లలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. అదీ నెమ్మదిగా కాదు, కొన్ని అల్పపీడనాలు, వాయుగుండాలు వచ్చినప్పుడు కుమ్మరిస్తుంది. దీపావళి టపాసులు కొనే సమయానికి సంపు మూత గురించి ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ఈ మూడు నెలల్లో నగరానికి నీళ్ళిచ్చే చెరువులు చూసే ఇంజనీర్లకు ఎంత టెన్షన్ ఉంటుందో అర్థం చేసుకుంటే, మనం ఇంట్లో ఏం చేయాలో సగం తెలిసిపోతుంది. చెంబరంబాక్కం చెరువు నిండు మట్టం 24 అడుగులు, నిల్వ 3,645 మిలియన్ ఘనపుటడుగులు, అంటే మూడున్నర టీఎంసీలకు (టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు) కొంచెం ఎక్కువ. వచ్చే వేసవికి తాగునీరు కావాలంటే అది నిండాలి. కానీ నిండుగా ఉన్నప్పుడు పెద్ద వాన పడితే వచ్చిన నీటిని వచ్చినట్టు వదలక తప్పదు. అందుకే వానలు జోరుగా ఉన్న రోజుల్లో నిండు మట్టానికి కాస్త దిగువనే ఉంచి, ముందుగానే కొంచెం కొంచెం వదులుతుంటారు. ఆ తర్వాత వానలు ముఖం చాటేస్తే వేసవిలో ఆ నీళ్ళ కోసమే బాధపడాలి. రెండు వైపులా ప్రమాదమే.

2015 డిసెంబరు 1 రాత్రి ఆ చెరువు నుంచి 29,000 క్యూసెక్కుల దాకా వదిలారు. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు, కాబట్టి సెకనుకు ఎనిమిది లక్షల లీటర్ల పైమాటే. అడయార్ నది పొంగింది, ఎయిర్‌పోర్టు మూతపడింది. నాలుగేళ్ళు తిరగకుండానే, 2019 వేసవిలో నగరానికి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోయాయి. ఆ జులైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చుకున్నాం. ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్లు. అందుకే వరదకు ఒక జాగ్రత్త, ఎద్దడికి ఇంకో జాగ్రత్త అని విడదీయడం ఈ ఊళ్ళో కుదరదు. రెండూ సెప్టెంబరులో ఒకే ఇంట్లో, ఒకే సంపు దగ్గర మొదలుపెట్టాల్సిన పనులు.

ముందు మీ వీధి నీరు ఎటు పోతుందో తెలుసుకోండి. చెంబరంబాక్కం మిగులు నీరు తిరునీర్మలై దగ్గర అడయార్‌లో కలిసి, మణపాక్కం, జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కోట్టూర్‌పురం మీదుగా సముద్రానికి పోతుంది. పూండి జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీరు కొసస్తలైయార్ నది గుండా ఎన్నూరు వైపు వెళ్తుంది. రెడ్‌హిల్స్ చెరువు మిగులు నీరు మణలి వైపు చేరుతుంది. వేళచ్చేరి, పెరుంగుడి వాళ్ళకి మాత్రం ఈ చెరువుల గేట్లతో పెద్దగా సంబంధం లేదు. వాళ్ళ నీరు పళ్ళికరణై చిత్తడి నేలలోకి చేరి, ఒక్కియం మడువు అనే కాలువ గుండా బకింగ్‌హామ్ కాలువలో పడాలి. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు చెన్నై పక్కనే తచ్చాడింది. అలాంటప్పుడు సముద్రం ఎత్తుగా ఉండి నదీ ముఖాల దగ్గర నీటిని వెనక్కి తోసేస్తుంది, లోపలి నీరు బయటికి పోలేక కాలనీల్లోనే నిలిచిపోతుంది.

చెరువుల మట్టం, వస్తున్న నీరు, వదులుతున్న నీరు రోజూ పత్రికల్లో వస్తాయి. మట్టం ఎంతన్నది ఒక్కటే చూసి ఊరుకోవద్దు. వచ్చే నీరు గంటగంటకూ పెరుగుతోందా, వదిలే నీరు వందల క్యూసెక్కుల నుంచి వేలల్లోకి వెళ్ళిందా అన్నది చూడాలి. అడయార్ ఒడ్డున ఉన్నవాళ్ళకి ఇంకో మాట. చెంబరంబాక్కం గేట్లు దించే ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఆదనూరు, తాంబరం వైపు చిన్న చెరువులు చాలా ఉన్నాయి. అవి అలుగు పారితే ఆ నీరంతా ఆ నదిలోకే వస్తుంది. వాటికి గేటు తీసేవాడూ ఉండడు, ముందుగా హెచ్చరిక చెప్పేవాడూ ఉండడు. ఇక అధికారిక హెచ్చరికలు ముందుగా తమిళంలోనే వస్తాయి. చదవడం రాకపోతే, వచ్చిన ప్రతి హెచ్చరికనూ అసోసియేషన్ గ్రూపులో తెలుగులో పెట్టే బాధ్యత ఎవరో ఒకరికి ఇప్పుడే అప్పగించండి.

ఇంటి దగ్గర మొదటి పని వరద మట్టానికి గీత గీయడం. 2015లోనూ 2023లోనూ మీ వీధిలో నీరు ఎంత ఎత్తు వచ్చిందో పాత వాచ్‌మన్‌ని, మూలన కిరాణా కొట్టాయన్ని అడగండి. ఆ ఎత్తులో గేటు స్తంభం మీద పెయింటుతో గీత పెట్టండి. ఇక సంపు మూత, బోరు పైపు మూత, మోటారు స్టార్టర్, కరెంటు మీటర్ల బోర్డు, లిఫ్టు గుంత, జనరేటర్, అన్నిటినీ ఆ గీతతో పోల్చి చూడండి. గీతకు కిందున్న ప్రతిదాన్నీ పైకి లేపాలి, లేదా నీరు దూరకుండా బిగించాలి. సంపు నోటి చుట్టూ ఇటుకలతో గట్టు కట్టి పైకి తెచ్చి, రబ్బరు అంచున్న మూత వేయిస్తే పెద్ద ఖర్చు కాదు. సంపు గాలి గొట్టాన్ని కూడా అంత ఎత్తుకు పొడిగించండి, చాలామంది దీన్ని మర్చిపోతారు. మీటర్ల బోర్డును పైకి మార్చడానికి మాత్రం విద్యుత్ బోర్డు అనుమతి కావాలి, సమయం పడుతుంది. వానల్లో ఆ పని జరగదు, అందుకే సెప్టెంబరు అంటున్నాను.

నీళ్ళు నిలిచిన వీధులకి ప్రాణాపాయం లేకుండా కరెంటు ఆపేస్తారు, అది సరైన పనే. కానీ కరెంటు లేకపోతే మోటారు తిరగదు. చుట్టూ నడుము లోతు నీళ్ళున్నా నాలుగో అంతస్తులో కుళాయి తిప్పితే చుక్క రాదు. కాబట్టి వాయుగుండం మాట వినగానే పై ట్యాంకు నింపి, వాడకానికి బకెట్లు, డ్రమ్ములు నింపుకోండి. తాగడానికి, వంటకి మనిషికి రోజుకు కనీసం నాలుగైదు లీటర్ల లెక్కన మూడు రోజులకి విడిగా పెట్టండి. మందులు, బియ్యం, టార్చి, పవర్ బ్యాంకు గురించి మీకు తెలిసిందే. కారును బేస్‌మెంటులో వదలొద్దు.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలి చెప్తున్నాను. వాననీరు త్వరగా పోవాలని మురుగు మ్యాన్‌హోల్ మూత ఎవరూ తీయొద్దు, వేరేవాళ్ళు తీస్తుంటే ఆపండి. వాననీటి కాలువ వేరు, మురుగు గొట్టం వేరు. మురుగు గొట్టంలోకి వాననీరు పోతే అది గ్రౌండ్ ఫ్లోర్ బాత్‌రూముల్లోంచి వెనక్కి ఎగదన్నుతుంది. అంతకన్నా ముఖ్యంగా, నీటి కింద తెరిచిన మ్యాన్‌హోల్ కనపడదు, పిల్లలూ పెద్దలూ అందులో పడి ప్రాణాలు పోగొట్టుకుంటారు. కాలువ పూడిపోతే కార్పొరేషన్ 1913 నంబరుకు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి.

నీరు తగ్గాక సంపులోకి బయటి నీరు చేరిందన్న అనుమానం ఉంటే, మోటారు వేసి ఆ నీటిని పై ట్యాంకుకి ఎక్కించొద్దు. పూర్తిగా తోడించి, గోడలు రుద్ది కడిగించి, కొత్త నీరు నింపాక 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి అరగంట ఆగండి. అప్పటికీ తాగే నీళ్ళు కొన్ని రోజులు మరిగించుకోవడమే మేలు. తడిసిన స్టార్టర్‌ని ఎలక్ట్రీషియన్ చూసేదాకా ముట్టుకోవద్దు.

ఇక వేసవి జాగ్రత్త. తమిళనాడులో వాననీటి సేకరణ 2003 నుంచి తప్పనిసరి. గొట్టాలు చాలా ఇళ్ళలో ఉన్నాయి, పనిచేసేవి తక్కువ. మేడను ఊడ్చి, గొట్టాల్లో ఆకులు తీయించి, వడపోత గుంతలోని ఇసుక, గులకరాళ్ళు తీసి కడిగించి మళ్ళీ వేయించండి. మొదటి వాన నీటిని బయటికి వదిలి, తర్వాతి నీటిని ఇంకుడు బావికి మళ్ళించాలి. ఇంకుడు బావి నోరు కూడా గేటు స్తంభం మీది ఆ వరద గీతకు పైనే ఉండాలి. లేకపోతే వీధిలోని మురుగు నేరుగా భూగర్భ జలంలోకి దిగుతుంది.

కృష్ణా నీళ్ళు వస్తాయిలే అని మనవాళ్ళు కొందరు ధీమాగా అంటారు. 1983 ఒప్పందం ప్రకారం సరిహద్దు దగ్గర చెన్నైకి 12 టీఎంసీలు అందాలి, 1996 నుంచి కండలేరు కాలువ గుండా పూండికి వస్తున్నాయి కూడా. కానీ శ్రీశైలం, సోమశిల, కండలేరు జలాశయాల్లో ఆ ఏడు ఎంత ఉందన్న దాన్నిబట్టే అవి వస్తాయి. మింజూరు, నెమ్మేలి దగ్గర సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్లు కట్టింది వానమీదే ఆధారపడకూడదనే. మీ అపార్ట్‌మెంటు కూడా ఒక్క బోరు మీదో, ఒక్క ట్యాంకరు మనిషి మీదో ఆధారపడకూడదు. నగర నీటి సంస్థ మెట్రో వాటర్ కనెక్షన్ లేకపోతే దరఖాస్తు పెట్టండి. జనవరిలో వానలు వెనకబట్టాక బోరులో నీటి మట్టం కొలిపించి తేదీతో సహా రాయించండి. ఏప్రిల్‌లో మళ్ళీ కొలిపించండి. ఆ తేడా చూస్తే మే నెలకి ఎన్ని ట్యాంకర్లు కావాలో అసోసియేషన్‌లో లెక్క వేసుకోవచ్చు, ధర పెరగకముందే మాట్లాడుకోవచ్చు.