పాత తూటాలు గుర్తుపట్టడం – 3వ పాఠం: అడుగు చూడటం

పోయిన పాఠంలో కాలిపర్‌తో వ్యాసం కొలవడం, గ్రెయిన్లలో (తూటాల తూకానికి వాడే చిన్న కొలత) తూకం వేయడం చూశాం. ఆ రెండు అంకెలతో తుపాకీ సైజు తెలుస్తుంది, అంతే. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం (1861-65) జరిగిన వర్జీనియా, జార్జియా, టెన్నెసీ పొలాల్లో దొరికేవాటిలో చాలావరకు 0.57 అంగుళాల చుట్టుపక్కలే ఉంటాయి. వాటిలో చవకగా దొరికే మామూలు తూటా ఏదో, అరుదైనది ఏదో తేల్చాలంటే తిరగేసి అడుగు చూడాల్సిందే.

అడుగే ఎందుకంటే, అప్పటి తుపాకీల్లో ఎక్కువ భాగం మూతి నుంచి తూటా దింపేవి. సులువుగా దిగాలంటే తూటా గొట్టం కన్నా సన్నగా ఉండాలి, కానీ పేలినప్పుడు గొట్టం లోపలి గాడులను గట్టిగా పట్టుకోవాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదరాలన్నదే అప్పట్లో అందరి తలనొప్పి. ఫ్రెంచ్ అధికారి మినియే 1849లో తూటా అడుగున గుంట చేసి అందులో ఇనుప గిన్నె పెట్టాడు, పేలుడుకి అది లోపలికి దూసుకెళ్లి సీసపు తూటాని విప్పార్చేది. అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జేమ్స్ బర్టన్ ఆ గిన్నె అక్కర్లేదని, గుంట లోతు సరిగ్గా ఉంటే వాయువే ఆ పని చేస్తుందని తేల్చాడు. మీకు దొరికే 'మూడు గాడుల' తూటా అదే: పక్కన మూడు గాడులు, అడుగున శంకువు లాంటి గుంట.

ముందు గుంటలో మట్టి తీయాలి. గుండుసూదితో గీకకండి, దయచేసి. నీళ్లలో నానబెట్టి వెదురు పుల్లతో మెల్లగా తీయండి, ఎందుకంటే మట్టి అనుకున్నది గుంటలో పెట్టిన పాత కర్ర బిరడా ముక్క కావచ్చు. పైనున్న తెల్లటి పూతను అసలు ముట్టుకోవద్దు, అది పోతే సగం విలువ పోయినట్టే. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ తెల్ల పొడి సీసమే.

మట్టి తీశాక టార్చి నేరుగా కాకుండా పక్క నుంచి వేయండి. గుంట గోడ నునుపుగా ఉందా? లోపల నక్షత్రం గుర్తు ఉందా? అచ్చులో పోసిన తూటా అయితే ఒంటి మీద రెండు సగాలు కలిసిన అతుకు గీత కనిపిస్తుంది, యంత్రంతో ఒత్తినదానికి ఆ గీత ఉండదు.

పక్కన గాడులేవీ లేకుండా నున్నగా ఉంటే ఇంగ్లండ్ తుపాకీ ఎన్‌ఫీల్డ్ తూటా అయ్యే అవకాశం ఎక్కువ. దీని గుంటలో కర్ర బిరడానో, మట్టి బిరడానో ఉండేది, విప్పార్చే పని దానిది. ఒక్కోసారి గుంట లోపల 57 అనో 55 అనో అంకెలు ఉబ్బుగా కనిపిస్తాయి, అవి దొరికితే జాగ్రత్తగా దాచుకోండి. మనకి 1857 అనగానే కొవ్వు పూసిన తూటాలు గుర్తొస్తాయి కదా, వాటిని వాడాల్సిన తుపాకీ ఈ 1853 మోడల్ ఎన్‌ఫీల్డే! ఇంగ్లండ్ నుంచి దాన్ని దక్షిణాది సైన్యం తెప్పించుకుంది. అమ్మేవాళ్లు నున్నగా ఉన్న ప్రతి తూటాకీ 'దక్షిణాదిది' అని చీటీ అంటించి రేటు పెంచేస్తుంటారు, నమ్మకండి, ఉత్తరం వాళ్లు కూడా ఈ తుపాకీలను లక్షల్లో కొన్నారు.

అడుగున బిళ్ల లాంటిది ఉంటే అది విలియమ్స్ తూటా, పేటెంట్ 1862 నాటిది. ఆ జింక్ బిళ్ల పేలుడుకి చదునై, గొట్టంలో పేరుకున్న మసిని గీకేస్తుందని దీన్ని ఉత్తరాది సైన్యానికి ఇచ్చారు. బిళ్ల ఊడిపోయిన ముక్కలే ఎక్కువ దొరుకుతాయి, బిళ్లతో సహా దొరికితే సంతోషం.

గార్డ్‌నర్‌ది మరో రకం. 1861లో దక్షిణాది పేటెంట్ పొందిన ఈ తూటాలో మందు ఉన్న కాగితపు గొట్టాన్ని అడుగు అంచులోకి దూర్చి, సీసం మడతతో నొక్కేసేవాళ్లు. అందుకే అడుగు అంచు నలిగి, చింపిరిగా ఉంటుంది, ఒంటి మీద రెండు పట్టీలు ఉంటాయి. కొత్తవాళ్లు ఇది పాడైపోయిన తూటా అనుకుని పక్కన పడేస్తారు, నాకు మాత్రం ఈ మొత్తంలో ఇదే ఇష్టం.

ఇక అందరూ కలలు కనే విట్‌వర్త్ తుపాకీ తూటా. గొట్టం లోపలే ఆరు పలకలు, వ్యాసం 0.451 అంగుళాలు, కాబట్టి తూటా కూడా చాలాసార్లు ఆరు పలకలే. దక్షిణాది గురికాళ్ల చేతుల్లో ఇవి కొన్నే ఉండేవి. 1864 మే 9న స్పాట్సిల్వేనియా దగ్గర ఉత్తరాది జనరల్ జాన్ సెడ్జ్‌విక్‌ని కొట్టింది దీనితోనే అంటారు, ఆ కథ వల్ల రేటు ఇంకా పెరిగింది, రేటుతో పాటు నకిలీలూ. గొట్టం మెలి తిరిగి ఉంటుంది కాబట్టి అసలు ఆరు పలకల తూటా పలకలు కూడా మెలి తిరగాలి. స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటే డబ్బులు తీయకండి. గుండ్రటి విట్‌వర్త్ కూడా ఉండేది, అది పేలాకే ఆరు పలకలకి ఒత్తుకుంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో కొత్తగా మెటల్ డిటెక్టర్ కొన్నవాళ్లకి ఒక మాట: నేషనల్ పార్కు కింద ఉన్న యుద్ధభూమిలో తవ్వితే ఫెడరల్ కేసు అవుతుంది. ప్రైవేటు పొలమైతే యజమాని రాసిచ్చిన అనుమతి దగ్గర పెట్టుకోండి. ఫిరంగి గుండు లాంటిది తగిలితే ముట్టుకోకుండా పోలీసులకి ఫోన్ చేయండి, 2008లో వర్జీనియాలో పాత గుండు పేలి ఒక సేకరణకర్త చనిపోయాడు.

ఈ వారం పని: మీ దగ్గరున్న మూడు తూటాల అడుగులు మాత్రమే గీయండి, పక్కన వ్యాసం, బరువు రాయండి, పేరు మాత్రం ఇప్పుడే పెట్టొద్దు. నాలుగో పాఠంలో పేలిన తూటా మీద గొట్టం గీతలు చదువుదాం, ఆ తర్వాత ఇవే బొమ్మలు మళ్లీ తీస్తాం.