రోస్టర్ కోతలో బయటికొచ్చిన ఎన్‌ఎఫ్‌ఎల్ వైడ్ రిసీవర్లను హైదరాబాద్ నుంచి ఎలా గమనించాలి

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు సీజన్ ముందు తమ 90 మంది రోస్టర్‌ను (ఆటగాళ్ల జాబితాను) 53కి దించడానికి ఆఖరి గడువు, అమెరికా తూర్పు తీరపు సమయంలో మంగళవారం సాయంత్రం 4 గంటలు. హైదరాబాద్‌లో అప్పటికి తేదీ మారి 1:30 అవుతుంది. 2025లో గడువు ఆగస్టు 26. మనకు 27 తెల్లవారుజాము, అంటే వినాయక చవితి రోజు. 32 జట్లు, జట్టుకు 37 మంది చొప్పున 1,184 స్థానాలు తగ్గాలి. అందులో రిసీవర్లు, అంటే పరిగెత్తి పాస్‌లు అందుకునేవాళ్లు, చాలామందే ఉంటారు. క్యాంపుకు పదిమందికి పైగా పిలిచిన జట్టు కూడా చివరికి ఐదారుగురినే ఉంచుకుంటుంది.

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉన్న బంధువుల ఫాంటసీ లీగ్‌లో చేరినవాళ్లు గానీ, ఆట మీద ఇష్టంతో చూసేవాళ్లు గానీ ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. జాబితాలో పేరు కనబడగానే ఆ ఆటగాడి పని అయిపోయిందనుకుంటారు. రిసీవర్ ఆడమ్ థీలెన్‌ను ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) తీసుకోలేదు. 2013లో మిన్నెసోటా వైకింగ్స్ అతన్ని ఆఖరి కోతలో వదిలేసి ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి, అంటే జట్టుతో సాధన చేసే అదనపు బృందంలోకి తీసుకుంది. అదే జట్టు తరఫున 2017, 2018 సీజన్లలో అతను మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. రాత్రి 1:30కి వచ్చే జాబితా సగం సమాచారమే. మిగతా సగం బుధవారం రాత్రి 9:30 దాటాక తెలుస్తుంది, ఎందుకంటే వేవర్స్ క్లెయిమ్‌లకు (వదిలేసినవాళ్లను వేరే జట్లు అడిగి తీసుకోవడానికి) గడువు అక్కడి మధ్యాహ్నం 12 గంటలు. అలారం పెట్టుకోవాల్సింది దీనికే. 1:30 జాబితాను పొద్దున లేచి చూసినా పోయేదేమీ లేదు.

ముందు వారంలో చేయాల్సింది

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ఆరు నిలువు వరుసలు పెట్టండి: పేరు, జట్టు, అక్రూడ్ సీజన్లు (లెక్కకు వచ్చే సీజన్లు, వివరం కింద ఉంది), ఏ క్వార్టర్లో ఎవరితో ఆడాడు, స్పెషల్ టీమ్స్ (కిక్‌లప్పుడు దిగే బృందాలు) పని, చివరికి ఎక్కడ తేలాడు. 32 జట్లనూ ఒక్కరే చూడలేరు. నాలుగైదు జట్లు ఎంచుకుంటే చాలు.

ఒక్కో జట్టుకు ప్రీసీజన్ మ్యాచ్‌లు సాధారణంగా మూడే. డాజోన్ స్ట్రీమింగ్ సేవలో దొరికే గేమ్ పాస్‌లో వీటిని తీరికున్నప్పుడు చూడవచ్చు. గజాల లెక్కను నమ్మకండి. నాలుగో క్వార్టర్లో, మూడో వరుస కార్నర్‌బ్యాక్‌ల (రిసీవర్లను అడ్డుకునేవాళ్ల) మీద సాధించిన 90 గజాల కన్నా, మొదటి క్వార్టర్లో అసలు క్వార్టర్‌బ్యాక్‌తో (పాస్‌లు విసిరేవాడితో) కలిసి దిగిన పది ప్లేలు ఎక్కువ చెబుతాయి, ఒక్క బంతీ చేతికి రాకపోయినా సరే. గాయం లేకుండా మూడో మ్యాచ్‌లో ఒక రిసీవర్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టారంటే అది చాలాసార్లు మంచి సూచనే. కోచ్‌లు స్టార్టర్లతో పాటు అతన్నీ కాపాడుకుంటున్నారన్నమాట.

ఎలా వదిలేశారో చూడండి

అసలు విషయం ఇక్కడుంది, తొందరపడకుండా చదవండి. జట్టు ప్రకటనలో ‘వేవ్డ్’ అని ఉంటే ఆ ఆటగాడికి నాలుగు అక్రూడ్ సీజన్లు నిండలేదు. ఒక సీజన్లో కనీసం 6 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లకు పూర్తి జీతం హోదాలో ఉంటే ఒక అక్రూడ్ సీజన్ లెక్క. నాలుగు నిండనివాడు వేవర్స్‌కు వెళ్తాడు. మిగతా 31 జట్లలో ఎవరైనా క్లెయిమ్ చేస్తే అతని ఇష్టాయిష్టాలతో పని లేదు, పాత కాంట్రాక్టుతోనే ఆ జట్టుకు వెళ్లాలి.

‘రిలీజ్డ్’ అంటే నాలుగు నిండిన వెటరన్. జట్లు ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్ గడువు వరకు ఇతనికి వేవర్స్ వర్తించవు, ఆ క్షణం నుంచే స్వేచ్ఛ. అందుకే జట్లు ఒక ఉపాయం వాడతాయి. మంగళవారం వెటరన్‌ను వదిలేసి, బుధవారం ఒకరిద్దరు గాయపడ్డవాళ్లను ఐఆర్‌లోకి (గాయాల జాబితాలోకి) పంపి, ఆ ఖాళీలో వెటరన్‌ను మళ్లీ సంతకం చేయిస్తాయి. 2024 నుంచి కోత రోజునే ఇద్దర్ని ‘తిరిగి వచ్చే’ హోదాతో ఐఆర్‌లో పెట్టే వీలు కలగడంతో ఈ అవసరం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంకో కారణమూ ఉంది. మొదటి వారం రోస్టర్‌లో ఉన్న వెటరన్‌ను తర్వాత తీసేసినా ఆ ఏడాది మూల జీతానికి రక్షణ ఉంటుంది. అందుకని కొందరు పాత రిసీవర్లకు రెండో వారంలో పిలుపొస్తుంది.

‘వేవ్డ్/ఇంజర్డ్’ను విడిగా రాసుకోండి. ఎవరూ క్లెయిమ్ చేయకపోతే అతను పాత జట్టు ఐఆర్‌కే తిరిగి వెళ్తాడు. అక్కడితో ఆ సీజన్ ముగిసినట్టే, జట్టుతో డబ్బు సెటిల్‌మెంట్ చేసుకుని బయటపడితే తప్ప. సెటిల్‌మెంట్ కుదిరిందన్న కబురు సాధారణంగా కొన్ని రోజులు ఆలస్యంగా వస్తుంది. ఆ పేర్లను అప్పుడే కొట్టేయకండి.

వేవర్స్ వరుస

ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు. పాట పాడటం ఉండదు. ఇద్దరు క్లెయిమ్ చేస్తే వరుసలో ముందున్న జట్టుకే ఆటగాడు దక్కుతాడు. మూడో వారం ముగిసేదాకా గత సీజన్ ఫలితాలను తిరగేసిన వరుస, ఆ తర్వాత ఈ సీజన్ ఫలితాలది. చాలా ఫాంటసీ లీగుల్లో క్లెయిమ్ గెలిచినవాడు వరుసలో అడుగుకు పోతాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. మొదటి స్థానంలో ఉన్న జట్టు ఎంతమందిని గెలిచినా మొదటి స్థానంలోనే ఉంటుంది. కాబట్టి గతేడాది అడుగున నిలిచిన నాలుగైదు జట్ల రిసీవర్ల జాబితా పక్కన పెట్టుకోండి, లోటు ఎక్కడుందో అక్కడికే చూపు తిప్పండి.

క్లెయిమ్ చేసిన జట్టు ఆ ఆటగాణ్ని 53లోకి తీసుకోవాలి, అంటే తమవాడొకడిని తీసేయాలి. మంగళవారం రోస్టర్‌లో నిలిచిన ఆరో రిసీవర్ బుధవారం రాత్రికి మాయమయ్యేది ఇందుకే. డ్రాఫ్ట్ అయిన కుర్రాడి సైనింగ్ బోనస్ భారం మాత్రం పాత జట్టు మీదే ఉంటుంది. కొత్త జట్టుకు మిగిలేది మూల జీతం. డ్రాఫ్ట్‌లో మూడు, నాలుగో రౌండ్‌లో ఎంపికైన పేర్లు వేవర్స్‌లో చవగ్గా కనిపించడానికి కారణం అదే.

ఐదో రిసీవర్ ఉద్యోగం పంట్ కవరేజ్‌లో ఉంటుంది

53 మందిలో మ్యాచ్ రోజు బరిలోకి దిగేది 48 మందే, అది కూడా ఎనిమిది మంది అఫెన్సివ్ లైన్‌మెన్ (క్వార్టర్‌బ్యాక్ ముందు కాపు కాసేవాళ్లు) ఉంటేనే; లేకపోతే 47. ఐదో, ఆరో రిసీవర్ ఆ లెక్కలోకి రావాలంటే పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు అప్పగించడం) వెంట, దాన్ని పట్టేవాణ్ని ఆపే గన్నర్‌గా పరిగెత్తాలి, లేదా కిక్‌లు, పంట్‌లు తిరిగి తేవాలి. 2024లో వచ్చిన కొత్త కిక్‌ఆఫ్ పద్ధతి తర్వాత రిటర్నర్ల విలువ ఇంకా పెరిగింది. వెస్ వెల్కర్‌ను 2004లో శాన్ డియెగో ఛార్జర్స్ మొదటి మ్యాచ్ తర్వాత వదిలేసింది. మయామి డాల్ఫిన్స్ అతన్ని తీసుకుని రిటర్న్‌లకు వాడింది. 2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ తరఫున అతను 112 క్యాచ్‌లు పట్టాడు. మీ షీట్‌లో స్పెషల్ టీమ్స్ గడి ఖాళీగా ఉన్న రిసీవర్ ఎంత అందంగా రూట్లు (పాస్ కోసం ముందే అనుకున్న దారులు) పరిగెత్తినా, ముందు నలుగురిలో లేకపోతే అతని స్థానానికి భరోసా లేదు.

ప్రాక్టీస్ స్క్వాడ్

వేవర్స్ ఫలితాలు వచ్చాక ఒక్కో జట్టు 16 మందితో ప్రాక్టీస్ స్క్వాడ్ కట్టుకుంటుంది, అంతర్జాతీయ ఆటగాడికి మరో చోటు అదనం. ఆ పదహారులో ఆరుగురు ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా కావచ్చు. మ్యాచ్‌కు ఇద్దర్ని పైకి, అంటే ఆ రోజు జట్టులోకి తేవచ్చు, కానీ ఒక్కో ఆటగాడిని రెగ్యులర్ సీజన్లో మూడుసార్లే. నాలుగోసారి కావాలంటే 53లోకి సంతకం చేయించాల్సిందే. అందుకే షీట్‌లో ప్రతి పేరు పక్కన ఎన్నిసార్లు పైకి వచ్చాడో అంకె వేయండి. మూడు పూర్తయినవాడి గురించి జట్టు ఆ వారంలోనే తేల్చుకోవాలి. వేరే జట్టు అతన్ని తీసుకుపోవాలంటే తమ 53లోకే తీసుకోవాలి, కనీసం మూడు వారాల జీతం ఇవ్వాలి.

విలేకరుల పోస్టులు అధికారిక ప్రకటన కన్నా గంటల ముందు వస్తాయి. వాటిలో చాలావరకు నిజమే అయినా ‘వేవ్డ్’కు, ‘రిలీజ్డ్’కు తేడా పాటించరు. అక్రూడ్ సీజన్ల గడిని జట్టు సైట్‌తో సరిచూసుకున్నాకే నింపండి. ఫాంటసీలో కోత రాత్రే ఎవరినీ కొనకండి. కొత్త జట్టుకు వెళ్లిన రిసీవర్ ఎత్తుగడల పుస్తకం (ప్లేబుక్) నేర్చుకోవడానికే రెండు మూడు వారాలు పడుతుంది. ఐఆర్ నుంచి ‘తిరిగి వచ్చే’ హోదా ఉన్నవాళ్లు కనీసం నాలుగు మ్యాచ్‌లు దూరంగా ఉండాలి కాబట్టి, ఐదో వారం ముందు షీట్ మళ్లీ తెరవండి. వాళ్లు వచ్చిన రోజున ఇంకో రిసీవర్ వేవర్స్‌లో పడవచ్చు.