సముద్రపు గాలిలో గోల్ఫ్: ఇచ్ఛాపురం, బరంపురం వైపు ఆటగాళ్లకు

ఇచ్ఛాపురం, సోంపేట, బరంపురం చుట్టుపక్కల గోల్ఫ్ మొదలుపెట్టినవాళ్లకు ఒక చిక్కుంది. చాలామంది ఉద్యోగాలకి వెళ్లిన నగరాల్లో, గాలి తగలని డ్రైవింగ్ రేంజ్ (షాట్లు సాధన చేసే మైదానం) మీద నేర్చుకుంటారు. ఇంటికి వచ్చాక ఆడేది విశాఖలోని ఈస్ట్ పాయింట్ లాంటి సముద్రానికి దగ్గరున్న కోర్సుల్లో. రేంజ్ మీద 7 ఐరన్‌తో చేరే దూరానికి అక్కడ ఎదురుగాలిలో 5 ఐరన్ కావాలి (ఐరన్ అనే క్లబ్ నంబర్ తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది). ఇసుక నేల మీద గడ్డి పలచగా ఉంటుంది, బంతి పడ్డచోట ఆగదు. అలాంటి రోజున అమెచ్యూర్ చేతిలోంచి జారిపోయే స్ట్రోకుల్లో (దెబ్బల్లో) ఎక్కువ భాగం గాలి మీద పంతానికి పోయి పోగొట్టుకున్నవే. ఆ పంతం ఎక్కడెక్కడ పుడుతుందో తెలిస్తే స్వింగ్ మార్చుకోకుండానే స్కోరు తగ్గుతుంది, గోల్ఫ్‌లో తక్కువ స్కోరే మేలు.

ముందు గాలి సంగతి

ఎండాకాలంలో మన తీరాన తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు పలచని గాలి ఉంటుంది. ఎండెక్కాక కాసేపు స్తంభిస్తుంది. నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేచాక ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి దూసుకొస్తుంది. మధ్యాహ్నానికి ఇది బాగా బలపడుతుంది. 18 హోల్స్ ఆడటానికి 4 గంటల పైనే పడుతుంది కాబట్టి ఉదయం 6:30కి టీ (హోల్‌కి మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడ్డ ఆటగాడు ఒకే రోజు రెండు గాలుల్లో ఆడతాడు. మొదటి తొమ్మిది హోల్స్‌లో కుదిరిన క్లబ్ లెక్క రెండో తొమ్మిదిలో పనికిరాదు. ప్రతి టీ దగ్గరా కొత్తగా చూసుకోవాల్సిందే.

చూసుకోవడం అంటే గడ్డి పరకలు తుంచి గాలిలోకి వదలడం ఒక్కటే కాదు. అది భుజం ఎత్తులో గాలి ఎటు పోతోందో చెబుతుంది. మధ్యస్థంగా కొట్టిన ఐరన్ షాట్ కూడా 20 మీటర్ల ఎత్తుకి లేస్తుంది. అక్కడి గాలి సంగతి సరుగుడు చెట్ల చివర్లు చెబుతాయి. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా ఊగుతూ, గ్రీన్ (రంధ్రం ఉండే నున్నని గడ్డి తావు) మీది జెండా పూర్తిగా చాచుకుని ఉంటే గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి. దుమ్ము లేచి, చిన్న కొమ్మలు కదులుతుంటే 20 నుంచి 28. చిన్న చెట్లు మొత్తంగా ఊగుతున్నాయంటే 29 దాటింది. చెట్ల చాటున ఉన్న టీ మీద ఏమీ తగలకపోవచ్చు, బంతి మాత్రం చెట్ల మీదికి వెళ్లగానే దెబ్బ తింటుంది.

ఇక లెక్క. ఎదురుగాలి గంటకు 1.6 కిలోమీటర్లకి (అంటే ఒక మైలుకి) దూరం 1 శాతం పెరిగినట్టు లెక్కించుకోండి. వెనక గాలి అయితే అందులో సగమే తగ్గించాలి. 140 గజాల షాట్‌కి 16 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే 154 గజాలు అనుకుని కొట్టాలి. అదే గాలి వెనక నుంచి వస్తే 133. గాలి తీసుకునేది ఎక్కువ, తిరిగిచ్చేది తక్కువ. అందుకే గాలి రోజున స్కోరు ఎప్పుడూ పెరిగే వైపే మొగ్గుతుంది. హోల్ నంబర్ పక్కన ఈ కొత్త దూరాన్ని పెన్సిల్‌తో రాసుకునే అలవాటు చాలా మేలు చేస్తుంది.

తేమ గాలి బరువని, అందుకే బంతి పోదని కొందరు అంటుంటారు. నీటి ఆవిరి కలిసిన గాలి పొడి గాలికన్నా నిజానికి తేలిక. ఉక్కపోత రోజున దూరం తగ్గడానికి కారణం తడిసిన గ్రిప్ (క్లబ్ పట్టుకునే పిడి), చెమ్మగిల్లిన గ్లవ్, క్లబ్ ముఖం మీద అంటుకున్న తడి ఇసుక. రెండు గ్లవ్‌లు మార్చిమార్చి వాడండి, క్లబ్ ముఖం ప్రతి షాట్‌కీ తుడవండి.

ఎదురుగాలిలో కిందుగా కొట్టడం

గాలి ఎదురైతే ఇంకాస్త బలంగా కొట్టాలనిపిస్తుంది. అక్కడే పని చెడేది. ఎంత బలంగా కొడితే బంతికి అంత వెనక్కి తిరిగే స్పిన్ వస్తుంది. ఆ స్పిన్ ఎదురుగాలిలో బంతిని పైకి పైకి లేపి, ముందుకు పోనివ్వకుండా నిలువునా దింపేస్తుంది. బంతికి పక్కస్పిన్ ఉంటే దాని వంపూ పెద్దదవుతుంది. రేంజ్ మీద పది గజాలు కుడికి వంగే స్లైస్ సముద్రపు గాలిలో పక్క ఫెయిర్‌వేకి (టీకి, గ్రీన్‌కి మధ్య కత్తిరించిన గడ్డి దారికి) చేరుతుంది.

చేయాల్సింది ఇలా. దూరం ఎంతో తేలాక రెండు క్లబ్బులు ఎక్కువ తీసుకోండి. 8 ఐరన్ అనుకుంటే 6 ఐరన్. గ్రిప్ మీద ఒక అంగుళం కిందికి పట్టుకోండి. బంతిని రెండు పాదాల మధ్య నుంచి ఒక బంతి వెడల్పు కుడి కాలి వైపు జరపండి (ఎడమ చేతివాటం వాళ్లు వైపులు మార్చుకోండి). బరువులో 60 శాతం ముందు కాలి మీద ఉంచి, చేతులు ఛాతీ ఎత్తు దాటకుండా వెనక్కి తీసుకెళ్లి, ముందుకు కూడా ఛాతీ దగ్గరే ఆపండి. వేగం మామూలుగా కొట్టేదానిలో మూడొంతులు చాలు. బంతి సన్నగా, కిందుగా వెళ్లి, పడ్డాక దొర్లుతుంది. ఈ షాట్‌లో తరచు జరిగే పొరపాటు బంతిని మరీ వెనక్కి పెట్టడం. అప్పుడు క్లబ్ నిటారుగా నేలలోకి దిగి, స్పిన్ మళ్లీ పెరుగుతుంది.

డ్రైవర్‌కి (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్‌కి) టీ, అంటే బంతిని నిలబెట్టే మేకు, బాగా కిందికి గుచ్చమని సలహా వింటుంటాం. టీ కిందికి పోతే చాలామంది బంతిని పైనుంచి నరికినట్టు కొడతారు, అదీ స్పిన్నే. టీ ఎత్తు మామూలుగానే ఉంచి, గ్రిప్ కిందికి పట్టుకుని, నిదానంగా కొట్టడం మేలు.

వెనక గాలిలో ఇబ్బంది వేరు. వెడ్జ్‌తో (బంతిని ఎత్తుగా లేపే క్లబ్‌తో) ఎత్తుగా కొట్టినా బంతి వాలుగా దిగుతుంది, గ్రీన్ మీద ఆగదు. గ్రీన్‌కి 10 నుంచి 15 గజాల ముందే పడేలా చూడండి. పక్కగాలిలో బంతిని గాలికి ఎదురు వంపించాలని చూడకండి, నిపుణులకే అది కష్టం. గాలి వచ్చే వైపుకి గురిపెట్టి, గాలినే దాన్ని తెచ్చి గ్రీన్ మీద వేయనివ్వండి.

బంకర్: తీరంలో రెండు రకాల ఇసుక

బంకర్ అంటే కోర్సులోని ఇసుక గుంట. దాన్లోంచి బంతిని తీసే శాండ్ వెడ్జ్ అడుగున ఉండే గుండ్రని ఉబ్బు పేరు బౌన్స్. మన ఇసుకని బట్టి దాన్ని వాడటం, వాడకపోవడం తేల్చుకోవాలి. పొడిగా, మెత్తగా ఉన్న ఇసుకలో ముఖం 56 డిగ్రీల వాలున్న వెడ్జ్, 10 నుంచి 14 డిగ్రీల బౌన్స్ సరైనవి. ముందు క్లబ్ ముఖాన్ని ఆకాశం వైపు తెరిచి, ఆ తర్వాతే గ్రిప్ పట్టుకోవాలి. పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే దెబ్బ వేళకి మూసుకుపోతుంది. కాళ్లని ఇసుకలో కొద్దిగా కూరండి. ఎంత దిగారో గ్రిప్‌ని అంత కిందికి పట్టుకోండి. బంతి ముందు కాలి మడమకి ఎదురుగా ఉండాలి. బంతికి 2 అంగుళాల వెనక ఇసుకలోకి క్లబ్ దిగి, బంతి కింది నుంచి జారుతూ ముందుకి రావాలి. క్లబ్ బంతిని తాకదు, ఇసుకే దాన్ని మోసుకొస్తుంది. అందుకే అదే దూరానికి గడ్డి మీంచి కొట్టే పిచ్ షాట్ కన్నా స్వింగ్ చాలా పెద్దదిగా ఉండాలి, చివరిదాకా ఆగకూడదు. భయపడి మధ్యలో ఆపితే బంతి బంకర్‌లోనే ఉండిపోతుంది. బంతిని లేపాలని వెనక కాలి మీదికి ఒరిగితే క్లబ్ అంచు బంతి నడుముకి తగిలి, గ్రీన్ దాటి అవతలికి పోతుంది.

వాన పడి గట్టిపడిన ఇసుకలో ఇదే షాట్ కొడితే బౌన్స్ ఎగిరి బంతి మధ్యలో తగులుతుంది. అక్కడ ముఖం తక్కువ తెరవండి, లేదా పిచింగ్ వెడ్జ్ తీసుకోండి, 1 అంగుళం వెనక చాలు. బంకర్ గట్టు తక్కువగా ఉండి, ఇసుక సమంగా ఉంటే పటర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్‌తో) బయటికి తోయడం తప్పేం కాదు, చాలాసార్లు అదే తెలివైన పని. బంతి ఇసుకలో కూరుకుపోతే క్లబ్ ముఖాన్ని నిటారుగా ఉంచి, బంతికి కాస్త వెనక నిలువునా దింపండి. బయటికొచ్చాక అది ఆగదు, దొర్లుతుంది. గ్రీన్ మీద అందుకు చోటు చూసుకోండి.

బంకర్‌లో గవ్వలు, ఎండుటాకులు తీసేయవచ్చు. 2019 నుంచి నిబంధనలు దీన్ని ఒప్పుకున్నాయి. తీసేటప్పుడు బంతి కదిలితే మాత్రం ఒక స్ట్రోక్ పెనాల్టీ. బంతి వెనకున్న ఇసుకని క్లబ్‌తో తాకడం, ప్రాక్టీస్ స్వింగ్‌లో ఇసుకని తాకడం ఇప్పటికీ నిషేధమే. పీత బొరియ అడ్డొస్తే జంతువు తవ్విన రంధ్రం కిందికి వస్తుంది, పెనాల్టీ లేకుండా రిలీఫ్ (బంతిని వేరేచోట వేసుకునే వీలు) దొరుకుతుంది. ఈ వెసులుబాటు తెలియక బొరియ పక్కనే తంటాలు పడేవాళ్లు ఎక్కువ.

మన ఇసుక మీదే సాధన

డొంకూరు, బారువ, సోనాపూర్ తీరాలు దగ్గరున్నవాళ్లకి ఈ షాట్లు నేర్చుకోవడానికి గోల్ఫ్ కోర్సు అక్కర్లేదు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ అంచున ఉండే గట్టి తడి ఇసుక ఐరన్ షాట్‌కి, గట్టు మీది పొడి ఇసుక బంకర్ షాట్‌కి సరిపోతాయి. క్లబ్ కొనతో మూరెడు గీత గీసి, గీతే బంతి అనుకుని స్వింగ్ చేయండి. తడి ఇసుక మీద గుర్తు గీత దగ్గర మొదలై ముందుకి సాగాలి. గీతకి వెనక ఇసుక లేచిందంటే బరువు వెనక కాలి మీదే ఉండిపోయింది. పొడి ఇసుకలో 4 అంగుళాల ఎడంతో రెండు గీతలు గీసి, మొదటి గీత దగ్గర క్లబ్ దిగి, రెండో గీత దగ్గర పైకి లేచేలా చేయండి. అసలు బంతిని మాత్రం కొట్టకండి. 45.93 గ్రాముల దాకా బరువుండే గట్టి బంతి వలలు బాగుచేసుకునే మనిషికి తగిలితే ఎముక విరగొచ్చు. రుషికుల్య నది ముఖద్వారం వైపు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో అసలు వెళ్లొద్దు.

మొగలి పొదలోకి పోయిన బంతి

తీరపు నేలల్లో రఫ్ (ఫెయిర్‌వే పక్కనుండే పొడవు గడ్డి) అవతల మొగలి, జీడి, సరుగుడు ఉంటాయి. బంతి అటు పోయిందని అనుమానం వచ్చిన క్షణమే ‘ప్రొవిజనల్’ (మొదటిది దొరక్కపోతే వాడే బంతి) అని గట్టిగా చెప్పి, ఇంకో బంతి కొట్టండి. చెప్పకుండా కొడితే అదే ఆటలో ఉన్న బంతి అవుతుంది. వెతకడానికి 3 నిమిషాలే.

దొరికినా, ముళ్ల మధ్య నుంచి కొట్టాలనే ఆరాటమే పెద్ద నష్టం. ‘అన్‌ప్లేయబుల్’ (ఆడలేని బంతి) అని ప్రకటించి ఒక స్ట్రోక్ ఇచ్చేస్తే, బంతి నుంచి రెండు క్లబ్ పొడవుల లోపల, హోల్‌కి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి డ్రాప్ చేసుకోవచ్చు. లేదా జెండాకి, బంతికి ఒకే వరసలో ఎంత వెనక్కయినా పోవచ్చు. మొగలి పొదలో పాము కనిపిస్తే ప్రమాదకర జంతువు నిబంధన ఉంది. కానీ పాము లేకపోయినా ఆ బంతిని కొట్టడం అయ్యే పని కాకపోతే, పాము పేరు చెప్పి ఉచిత రిలీఫ్ తీసుకోవడానికి లేదు.

1999లో కార్నూస్టీ బ్రిటిష్ ఓపెన్‌లో ఫ్రెంచ్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ చివరి హోల్‌కి మూడు స్ట్రోకుల ఆధిక్యంతో వచ్చాడు. ఆ హోల్‌లో 6 స్ట్రోకులు కొట్టినా గెలిచేవాడు. టీ మీద డ్రైవర్ తీశాడు, రెండో షాట్ గ్రాండ్‌స్టాండ్‌కి తగిలి దట్టమైన గడ్డిలోకి పోయింది, అక్కడి నుంచి గ్రీన్ ముందున్న వాగు దాటించబోయి నీళ్లలో వేశాడు. 7తో ముగించి, ప్లేఆఫ్‌లో (స్కోర్లు సమమైతే ఆడే అదనపు ఆటలో) పాల్ లారీ చేతిలో ఓడిపోయాడు. గడ్డిలోంచి పక్కకి తీసి ఫెయిర్‌వే మీద పెట్టుకుని ఉంటే గెలుపు చేతిలోనే ఉండేది. ఆదివారం ఆడుకునే మనకి ఆ పక్క షాట్ మరింత అవసరం.

గ్రీన్ చుట్టూ, గ్రీన్ మీద

గట్టి, పలచని గడ్డి మీద శాండ్ వెడ్జ్‌తో ఎత్తుగా లేపబోతే బౌన్స్ ఎగిరి బంతి నెత్తిన తగులుతుంది. 8 ఐరన్‌తో పట్ కొట్టినట్టే కొట్టి దొర్లించండి, లేదా గ్రీన్ బయటి నుంచే పటర్ వాడండి. మన కోర్సుల్లో మామూలుగా కనిపించే బెర్ముడా గడ్డి వినాయక చవితికి వాడే మన గరికే. అది ఒక వైపుకి ఒరిగి పెరుగుతుంది. మెరుస్తూ కనిపిస్తే ఒరుగు మీకు దూరంగా పోతోంది, పట్ వేగంగా వెళ్తుంది. ముదురుగా కనిపిస్తే ఎదురొస్తోంది, గట్టిగా కొట్టాలి. అనుమానం ఉంటే కప్పు (బంతి పడే రంధ్రం) అంచు చూడండి. ఒక వైపు గడ్డి అంచు చక్కగా, ఎదుటి వైపు చిరిగి గోధుమరంగులో ఉంటుంది. ఆ చిరిగిన వైపుకే గడ్డి ఒరిగి ఉంది.

గాలి గట్టిగా ఉంటే కాళ్లు వెడంగా పెట్టి, పటర్‌ని కిందికి పట్టుకోండి. మార్క్ చేసి, ఎత్తి, తిరిగి పెట్టిన బంతిని గాలి కదిపితే పాత చోటే పెట్టాలి. ఎత్తకముందే కదిపితే కదిలిన చోటు నుంచే ఆడాలి, రెండింటికీ పెనాల్టీ లేదు.

ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఉరుము వినిపిస్తే ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఆట ఆపేసి భవనంలోకి వెళ్లండి. సరుగుడు చెట్టు కింద నిలబడొద్దు.

ఇంటికొచ్చాక క్లబ్బులని మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, రాత్రంతా బ్యాగ్ బయట ఆరనివ్వండి. క్రోమ్ పూత లేని వెడ్జ్‌లు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి, వాటికి పలచగా నూనె రాయండి. గ్రిప్‌లని సబ్బునీళ్లతో రుద్ది, నీడలో ఆరబెట్టండి.