స్ప్రేయర్ పిస్టన్ మార్చాలా? ముందు పనిముట్లు సర్దుకోండి

పత్తికి, మిరపకు మందు కొట్టే రోజులు దగ్గరపడగానే అటక మీది పవర్ స్ప్రేయర్ కిందికి దిగుతుంది. తాడు లాగితే కంప్రెషన్ ఉండదు, లేదా తాడే కదలదు. పిస్టన్ కిట్టు తెచ్చి ఇంట్లోనే మార్చుకోవచ్చు, అంత కష్టమైన పనేం కాదు. కానీ కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్, సుత్తి మాత్రమే పెట్టుకుని కూర్చుంటే పిస్టన్‌తో పాటు సిలిండర్ కూడా కొనాల్సి రావచ్చు.

విప్పకముందే యంత్రాన్ని సబ్బునీళ్లతో బయట కడిగి ఆరబెట్టండి. నిరుటి పురుగుమందు ఆ దుమ్ములోనే అంటుకుని ఉంటుంది, చేతికి గ్లౌజులు తప్పవు. పెట్రోలు పూర్తిగా తీసేసి, ప్లగ్ క్యాప్ ఊడదీసి, గాలి ఆడేచోట కూర్చోండి. బీడీ, సిగరెట్ దగ్గరికి రాకూడదు.

సిలిండర్‌ను పట్టుకునేవి సాధారణంగా అలెన్ బోల్టులే (తలలో ఆరు మూలల గుంట ఉండేవి). 5 మి.మీ. బోల్టుకు 4 మి.మీ. కీ సరిపోతుంది. మూలలు అరిగిన పాత కీతో తిప్పితే బోల్టు తల గుండ్రంగా అయిపోతుంది, ఆ తర్వాత దాన్ని డ్రిల్లు చేసి తీయాల్సిందే. పొడవాటి టీ హ్యాండిల్ కీ కొనండి.

ఫ్లైవీల్ (రెక్కలుండే చక్రం) నట్టు కూడా విప్పాల్సి వస్తే రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, రెక్క విరుగుతుంది. ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి తాడు కుక్కి పిస్టన్‌ను ఆపండి. అయితే పిస్టన్ పైకి వస్తూ సైలెన్సర్ వైపు కన్నాన్ని పూర్తిగా మూశాకే తాడు పెట్టాలి. లేకపోతే తాడు ఆ కన్నంలో ఇరుక్కుని తెగుతుంది.

అసలు టెన్షన్ పిస్టన్ పిన్ను లాకుల దగ్గరే. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపేది పిన్ను, అది జారకుండా రెండు కొసల్లో పట్టుకునే తీగ రింగులే లాకులు. ముందు క్రాంక్ కేసు (సిలిండర్ కింద ఉండే ఇంజన్ పెట్టె) నోటికి పోగులు రాలని శుభ్రమైన గుడ్డ కుక్కండి. సన్నమూతి నోస్ ప్లేయర్‌తో లాకు కొస పట్టుకుని, బొటనవేలు అడ్డంపెట్టి మెల్లగా లాగండి. స్ప్రింగులా ఎగిరే ముక్క అది, కళ్లద్దాలు పెట్టుకోండి. క్రాంక్ కేసులో పడితే ఇంజన్ మొత్తం విప్పాలి. తీసిన లాకు మళ్లీ వాడొద్దు. కొత్త లాకు తెరిచిన భాగం పైకో కిందికో ఉండాలి, పక్కకు కాదు.

పిన్ను రాకపోతే సుత్తితో కొట్టడం చాలామందికి అలవాటు. ఆ దెబ్బ కనెక్టింగ్ రాడ్డుకు తగిలి వంగుతుంది. పిన్ను పుల్లర్ వాడండి, లేదా పిస్టన్‌ను హాట్ ఎయిర్ గన్‌తో కాస్త వేడిచేసి నెట్టండి. మంటతో వద్దు.

పాత పిస్టన్‌ను పారేయకుండా తిప్పి చూడండి. సైలెన్సర్ వైపు గీతలుంటే ఆయిల్ తక్కువైందో, వేడెక్కిందో అనుకోవచ్చు. కార్బురేటర్ వైపు ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లినట్టు. కారణం దొరక్కుండా కొత్తది వేస్తే అదీ పోతుంది.

సిలిండర్ గోడ మీద గోరు ఆనించి లాగండి, గోరు గీతలో ఆగితే సిలిండర్ కూడా మార్చాలి. క్రోమ్ లాంటి పూత ఉన్న సిలిండర్‌ను ఎమరీ పేపర్‌తో రుద్దితే పూత పోతుంది.

కొత్త రింగును ఒక్కదాన్నే సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో సమంగా నెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకుల పనిముట్టు) చూడండి. ఎంత ఉండాలో యంత్రం పుస్తకం చెబుతుంది. పిస్టన్‌కు ఎక్కించేటప్పుడు రింగు కొసలు గాడిలోని చిన్న పిన్ను దగ్గరే కలవాలి. పిస్టన్ తల మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. రింగులను వేళ్లతో నొక్కిపట్టి సిలిండర్‌ను నేరుగా దించండి. తిప్పుతూ దించితే రింగు కొస కన్నంలో తగులుకుని విరుగుతుంది.

బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. క్రాంక్ కేసు అల్యూమినియం కాబట్టి చేతి బలం చూపిస్తే మరలు ఊడిపోతాయి. టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే స్పానర్) లేకపోతే అంతవరకూ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

మొదటి ట్యాంకు అయ్యేదాకా యాక్సిలరేటర్ పూర్తిగా ఇవ్వొద్దు. టూటీ ఆయిల్‌ను (టూ స్ట్రోక్ ఇంజన్‌కు పెట్రోల్లో కలిపే ఆయిల్) మూతతో అందాజుగా పోయకుండా కొలిచి కలపండి: లీటరు పెట్రోలుకు 40 మి.లీ. అంటే 25కు 1, 20 మి.లీ. అంటే 50కి 1. మీ ఇంజన్‌కు ఏది కావాలో దాని పుస్తకంలోనే చూడండి, పక్కింటి యంత్రం లెక్క దీనికి పనికిరాదు.