కందిరీగకు పేరు పెట్టే ముందు – నాలుగో పాఠం: రెండు పుట్టుమచ్చలు

కిందటి పాఠం చివర మన కందిరీగ స్లయిడు మీదికి చేరింది. కాస్టిక్ పొటాష్‌లో నాని ఒళ్లంతా తేటపడింది, రెక్కలు పరుచుకున్నాయి, మీసాలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇక కలం పట్టాలి.

పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టుమచ్చల గడి గుర్తుందా? అక్కడ ఎవరూ ‘రెండు కళ్లు, ఒక ముక్కు’ అని రాయరు. కుడి చెంప మీద మచ్చ, ఎడమ మోచేతి మీద మచ్చ అని రాస్తారు. జాతి వర్ణనలో ఆ గడి వంటిదే డయాగ్నసిస్. మనం దాన్ని తేడాల పేరా అందాం. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం 1930 తర్వాత ప్రచురించిన కొత్త జాతి పేరు చెల్లాలంటే, ఆ జాతిని మిగతావాటి నుంచి వేరుచేసే లక్షణాలను మాటల్లో చెప్పాలి. ఎంత చక్కని బొమ్మ గీసినా అది ఒక్కటే సరిపోదు. తర్వాత వచ్చే నాలుగైదు పేజీల పూర్తి వర్ణనను ఓపికగా చదివేవాళ్లు తక్కువ. ఈ పేరాను మాత్రం అందరూ చదువుతారు.

సాధనకు ట్రైకోగ్రామా ప్రజాతిని తీసుకుందాం. ఇది వేరే పురుగుల గుడ్ల లోపల పెరిగే కందిరీగ. చెరకులో పీక పురుగు మీదికి రైతులు వదిలే ట్రైకో కార్డుల్లో, అంటే అలాంటి గుడ్లు అంటించిన అట్టముక్కల్లో ఉండేది ఇదే. పొడవు సుమారు అర మిల్లీమీటరు. ఎర్రటి కళ్లు, మూడే కణుపుల పాదాలు, రెక్క మీద బారులు తీరిన సన్నటి వెంట్రుకలు. ఇంత ముద్దుగా ఉన్న ఈ వివరాలేవీ తేడాల పేరాలోకి రాకూడదు. మూడు కణుపుల పాదం ఈ ప్రజాతి చేరిన కుటుంబమంతటికీ ఉంది. వెంట్రుకల బారులను బట్టే ప్రజాతికి ఆ పేరు వచ్చింది. ఇవి రాస్తే ‘రెండు కళ్లు, ఒక ముక్కు’ రాసినట్టే.

రంగు రాద్దామా? నా మొదటి పేరాలో నేను చేసిన పొరపాటు అదే. ‘దేహం లేత పసుపు’ అని ధీమాగా రాశాను. చలికాలంలో అదే సంతతి గోధుమ రంగు కలిసి ముదురుగా బయటికొచ్చింది. ఈ ప్రజాతిలో చాలా జాతుల రంగు, అవి ఎంత ఉష్ణోగ్రతలో పెరిగాయన్న దాన్ని బట్టి మారుతుంది. పరిమాణమూ అంతే: పెద్ద గుడ్డులో పెరిగితే పెద్ద కందిరీగ, చిన్న గుడ్డులో పెరిగితే చిన్నది. ఇంకా విచిత్రం ఉంది. కీటక శాస్త్రవేత్త జార్జ్ సాల్ట్ 1937లో ట్రైకోగ్రామా సెంబ్లిడిస్ గురించి ఒక సంగతి చూపించాడు. చిమ్మట గుడ్లలో పెరిగిన మగవాటికి రెక్కలు వచ్చాయి. నీటి ఒడ్డున గుడ్లు పెట్టే ఆల్డర్ ఈగ గుడ్లలో పెరిగిన మగవాటికి రెక్కలే లేవు, మీసాలూ కాళ్లూ కూడా వేరుగా ఉన్నాయి. ఒకే జాతి, రెండు వేషాలు. ఒక్క నమూనా చేతిలో పెట్టుకుని ‘రెక్కల్లేని కొత్త జాతి’ అని చాటించి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

మరి నమ్మదగిన మచ్చ ఎక్కడుంది? మగ కందిరీగ జననాంగంలో ఉంది. దీన్ని నిలబెట్టినవారు మన దేశపు శాస్త్రవేత్తలే. సుధా నాగర్కట్టి, హెచ్. నాగరాజ 1971లో పాత జాతులను మళ్లీ వర్ణిస్తూ ఈ లక్షణం ఎంత ముఖ్యమో చూపించారు. అంతకుముందు మన చెరకు తోటల్లోని కందిరీగ మినుటమ్, ఎవానెసెన్స్, ఆస్ట్రాలికమ్ అంటూ పేర్లు మార్చుకుంటూ తిరిగింది. 1976లో విగియాని అనే శాస్త్రవేత్త దానికి కన్ఫ్యూసమ్ అని పేరు పెట్టాడు. గందరగోళానికి అంతకన్నా తగిన పేరు దొరకదు! 1941లోనే జపాన్‌లో ఇషి పేరు పెట్టిన ఖైలోనిస్ కూడా ఇదే జాతి అని తర్వాత తేలింది. ముందు పుట్టిన పేరే నిలిచింది. వదిలే కందిరీగ ఏదో తెలియకపోతే పాత ప్రయోగాల ఫలితాలను పోల్చి చూసే దారి ఉండదు. కాబట్టి ఈ గొడవ కాగితాలకే పరిమితమని అనుకోకండి.

ఖైలోనిస్ మగదాని జననాంగం పైభాగాన త్రిభుజాకారపు పలక ఉంటుంది. దాని పక్కల చెవి తమ్మెల్లాంటి రెండు భాగాలు ఉంటాయి. ఈ పలక ఆకారమే అసలు పుట్టుమచ్చ. అందుకే ఈ ప్రజాతిలో హోలోటైప్‌గా, అంటే కొత్త పేరుకు ఆధారంగా నిలిచే ఒకే ఒక్క నమూనాగా, మగదాన్ని ఎంచుకోవడం మేలు. గుడ్లలోంచి ఎప్పుడూ ఆడవే వస్తున్నాయా? బెంగపడకండి. కొన్ని సంతతుల్లో వోల్బాకియా అనే బాక్టీరియా వల్ల మగవి పుట్టవు. యాంటీబయాటిక్ కలిపిన తేనె పెడితే తర్వాతి తరాల్లో మగవి కనిపించవచ్చు.

ఇక వాక్యం. ‘మీసం మీద పొడవైన వెంట్రుకలు ఉంటాయి’ అంటే దేనికన్నా పొడవు? మైక్రోమీటర్లలో ఒక్క అంకె ఇచ్చినా, వేరే గుడ్డులో పెరిగిన నమూనాకు అది కుదరదు. నిష్పత్తి రాయండి. అభ్యాసం కోసం నేను కల్పించిన అంకెలతో ఇలా: ‘మగదాని మీసం మీది అతి పొడవైన వెంట్రుక, మీసం గరిష్ఠ వెడల్పుకు మూడు రెట్లు (దగ్గరి జాతిలో రెండు రెట్లు).’ ఆ కుండలీకరణం మరవకండి. ఏ జాతితో పోలుస్తున్నారో చెప్పని తేడా, తేడా కాదు. పోల్చేది కూడా అచ్చంగా దగ్గరి బంధువుతోనే. దూరపు జాతితో పోలిస్తే పేరా సులువుగా పూర్తవుతుంది, ఎవరికీ ఉపయోగపడదు.

వచ్చే పాఠం లోపు చేయవలసిన పని: ఖైలోనిస్ కార్డు ఒకటి, వరి కాండం తొలుచు పురుగుకు వాడే జపానికమ్ కార్డు ఒకటి సంపాదించండి. రెండింటి నుంచీ మగవాటిని స్లయిడు చేసి, అరవై మాటల్లో తేడాల పేరా రాయండి. రంగు, ఒంటి పొడవు ప్రస్తావించవద్దు. తర్వాత చీటీలు తీసేసిన స్లయిడ్లు, మీ పేరా ఒక స్నేహితుడికి ఇచ్చి ఏది ఏదో చెప్పమనండి. తప్పు చెబితే స్నేహితుణ్ణి ఏమీ అనకుండా పేరాను మళ్లీ రాయండి.