ఇంట్లో జబ్బు మనిషికి అభ్యంగనం: ఫాదర్ గారిని ఎప్పుడు పిలవాలి, ఏం సిద్ధం చేయాలి

అభ్యంగనం అంటే జబ్బు మనిషికి గురువు, అంటే ఫాదర్ గారు, పవిత్ర తైలం పూసి ప్రార్థించే కతోలిక సంస్కారం. దీనికోసం మన విచారణల్లో (ఒక్కో ఫాదర్ గారి కింద ఉండే గుడి పరిధుల్లో) ఫాదర్ గారికి ఫోన్ చాలాసార్లు ఆలస్యంగా వెళ్తుంది. డాక్టర్లు లాభం లేదన్నాక, మాట పడిపోయాక, ఎవరో ఒక పెద్దావిడ "నూనె పెట్టించండి" అంటుంది. అప్పటికి పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేయడానికి నోరు రాదు, సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) గొంతు దిగదు. మూడు సంస్కారాలు అందాల్సిన మనిషికి ఒక్క అభ్యంగనమే దక్కుతుంది.

ఈ ఆలస్యానికి మూలం పాత పేరు. "అవస్థ అభ్యంగనం" (చావు ఘడియల్లో ఇచ్చేది) అనేవాళ్లు కాబట్టి ఫాదర్ గారు నూనెతో గుమ్మం తొక్కితే ఇక పోయినట్టే అన్న భయం ఇళ్లలో పాతుకుపోయింది. ఇది చావు అంచున ఉన్నవాళ్లకు మాత్రమే కాదని రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సభ) 1963లోనే చెప్పింది. 1972లో ఆరో పౌలు పోపుగారు ఈ సంస్కారం జరిపే క్రమాన్నే మార్చారు. బైబిల్లో యాకోబు లేఖ 5:14–15 చదవండి: మీలో ఎవరైనా వ్యాధిగ్రస్తుడై ఉంటే సంఘపు పెద్దలను పిలిపించమంటుంది. "చనిపోతూ ఉంటే" అనదు.

కాబట్టి జబ్బు వల్లగానీ ముసలితనం వల్లగానీ ప్రాణాపాయం మొదలైందని తెలిసినప్పుడే పిలవాలి. క్యాన్సర్ అని తేలినప్పుడు, గుండె ఆపరేషన్‌కు ముందు, పక్షవాతం వచ్చినప్పుడు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు బాగా నీరసించినప్పుడు. వేరే జబ్బేమీ లేకపోయినా వయసు మీదపడి బాగా కుంగిపోయిన పెద్దవాళ్లకూ ఇవ్వవచ్చు. మామూలు జ్వరానికి, పన్ను నొప్పికి కాదు. ఒకసారి తీసుకుంటే మళ్లీ కుదరదన్న మాట తప్పు: కోలుకుని మళ్లీ పడిపోయినా, అదే జబ్బు ముదిరినా మళ్లీ తీసుకోవచ్చు.

మంచీ చెడూ తెలిసే వయసు వచ్చిన పిల్లలకూ అభ్యంగనం ఇస్తారు. పురిటిబిడ్డకు కావాల్సింది అభ్యంగనం కాదు, జ్ఞానస్నానం (బాప్తిస్మం). బిడ్డ ప్రాణం మీదికొచ్చి ఫాదర్ గారు అందుబాటులో లేకపోతే ఎవరైనా ఇవ్వవచ్చు, నర్సమ్మైనా సరే, శ్రీసభ (కతోలిక సంఘం) చేసే పనినే చేస్తున్నానన్న ఉద్దేశంతో ఇస్తే చాలు. పేరు పెట్టి పిలిచి, నుదుటి మీద మంచినీళ్లు మూడుసార్లు పోస్తూ "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిస్తున్నాను" అనాలి. నీళ్లు చర్మం మీద పారాలి. తడి వేలితో అద్దితే సరిపోదు. పోసినవాళ్లే ఆ మాటలు అనాలి. తరువాత విచారణలో తప్పకుండా రాయించండి.

ఫోన్‌లో నాలుగు సంగతులు చెప్పండి: స్పృహ ఉందా, మాట వస్తుందా, మింగగలరా, ఆక్సిజన్ మీద ఉన్నారా. దీన్నిబట్టే ఫాదర్ గారు ఏం వెంట తెచ్చుకోవాలో ఆలోచిస్తారు. ఊళ్లో ఉపదేశి (ఫాదర్ గారి తరఫున ప్రార్థనలు నడిపేవారు) ఉంటే ఆయనకూ చెప్పండి, దారి చూపించేది ఆయనే. జ్ఞానస్నానం లేనివాళ్లు అడుగుతున్నా, గుడిలో పెళ్లి జరగని దంపతులైనా, రోగి వేరే క్రైస్తవ సంఘానికి చెందినవారైనా ముందే విడిగా చెప్పాలి. జ్ఞానస్నానం లేకుండా మిగతా సంస్కారాలేవీ ఇవ్వలేరు. ఈ మాట మంచం దగ్గర పదిమందిలో బయటపడితే అందరికీ ఇబ్బంది.

మంచం పక్కన చిన్న బల్ల వేసి తెల్లగుడ్డ పరవండి. సిలువ, రెండు కొవ్వొత్తులు, తీర్థజలం, చెంచాతో గ్లాసు నీళ్లు, కొద్దిగా దూది, చేతులు కడుక్కోవడానికి సబ్బూ తువాలూ ఉంటే చాలు. ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ గానీ మెషిన్ గానీ నడుస్తుంటే కొవ్వొత్తి వెలిగించకండి. అగరబత్తీ కూడా వద్దు. ఆక్సిజన్ చిక్కగా ఉన్నచోట చిన్న నిప్పు కూడా క్షణాల్లో పెద్దదవుతుంది. వెలిగించని కొవ్వొత్తి వల్ల సంస్కారానికి ఏ లోటూ రాదు. టీవీ ఆపండి, ఫోన్లు మూయండి. రోగి ముఖానికి, చేతులకు రాసిన మందులూ పౌడరూ తడిగుడ్డతో తుడవండి.

సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం రోగులకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ వర్తించదు. మాత్రలు మానిపించి ఎదురు చూడాల్సిన పని లేదు.

ఫాదర్ గారు రాగానే మొదట పాపసంకీర్తనం. ఇక్కడే ఇంట్లోవాళ్లు పొరపాటు చేస్తారు: ఎవరూ బయటికి కదలరు. అందరూ లేచి తలుపు చేరవేసి వెళ్లాలి. చెవుడు ఉన్నవాళ్లు గట్టిగా మాట్లాడతారు కాబట్టి వరండాలో కూడా నిలబడకండి. ముగిశాక పిలుస్తారు, అందరూ చుట్టూ చేరి జపించవచ్చు. వాక్యం చదివాక ఫాదర్ గారు మాట లేకుండా రోగి తల మీద చేతులు ఉంచుతారు. ఆ కాసేపు పాట ఎత్తుకోకండి, ఆ మౌనం క్రమంలో భాగం.

తరువాత నుదుటి మీద, రెండు చేతుల మీద తైలం. ప్రభువు పవిత్రాత్మ వరంతో నీకు సాయపడుగాక అన్న అర్థం వచ్చే మాటలు నుదుటి దగ్గర, పాపవిముక్తి చేసి నిన్ను లేవనెత్తుగాక అన్నవి చేతుల దగ్గర పలుకుతారు. రెండింటికీ రోగి "ఆమెన్" అనాలి, నోరు రాకపోతే మీరు అనండి. చేతికి సెలైన్ సూది, కట్టు ఉంటే అక్కడి ప్లాస్టర్ విప్పకండి. అత్యవసరంలో నుదురొక్కటి చాలు. ఈ తైలం సాధారణంగా పవిత్ర వారంలో (ఈస్టర్‌కు ముందు వారం) పీఠాధిపతి, అంటే బిషప్పుగారు, ఆశీర్వదించినది. దాన్ని సీసాలో అడిగి ఇంట్లో దాచుకుని రోజూ రాయడం సరికాదు. గురువు తప్ప వేరెవరు రాసినా అది సంస్కారం కాదు. నుదుటి తైలం వెంటనే తుడిచేయకండి. కంట్లోకి జారితేనే దూదితో అద్దండి.

పరలోక జపం తరువాత సత్ప్రసాదం. మింగడం కష్టమైతే చిన్న ముక్క చాలు, వెంటనే ఒక చెంచా నీళ్లు ఇవ్వండి. వీలుంటే తల ఎత్తి కూర్చోబెట్టండి. పడుకోబెట్టి పెడితే పొలమారుతుంది. ముక్కులో గొట్టం ఉన్నవాళ్ల నోట్లో డాక్టర్ అనుమతి లేకుండా ఏదీ పెట్టకూడదు. కక్కితే చెత్తబుట్టలో వేయకుండా దూదితో తీసి నీళ్ల గ్లాసులో ఉంచి ఫాదర్ గారికి అప్పజెప్పండి.

ఐసీయూలో అయితే సందర్శన వేళ ముందే కనుక్కుని, డ్యూటీ డాక్టర్‌కు అయిదు నిమిషాల పని అని చెప్పండి. స్పృహ లేకపోయినా అభ్యంగనం ఇస్తారు: మెలకువగా ఉంటే అడిగి ఉండేవారనుకుంటే చాలు. చెవి దగ్గర నెమ్మదిగా చెప్పండి, వినపడుతూ ఉండవచ్చు.

ప్రాణం పోయాక అభ్యంగనం లేదు. అప్పుడు మృతుల కోసం ప్రార్థనే. పోయిందో లేదో అనుమానంగా ఉంటే ఇస్తారు, అందుకే "ఇక ఎందుకులే" అని మీరే తేల్చేసుకోకండి. సంస్కారానికి రుసుము లేదు, దూరపు ఊరైతే బండి ఏర్పాటు చూస్తే చాలు.

మంచం పట్టినవాళ్ల పేరు విచారణలో రాయించండి. చాలాచోట్ల మొదటి శుక్రవారం ఇళ్లకు సత్ప్రసాదం తెస్తారు. ఫిబ్రవరి 11న, గుణదల మాత పండుగ నాడే, ప్రపంచ రోగుల దినం కూడా. ఆ దగ్గరలో మీ విచారణలో రోగుల కోసం అభ్యంగనంతో పూజ పెడుతున్నారేమో జనవరిలోనే అడగండి.