గుల్లలు, చింతగింజలు, వేలి కణుపులు: చేత్తో ఛందస్సు నేర్పే పద్ధతి

తొమ్మిది, పది తరగతుల పిల్లలు గణవిభజనలో, అంటే పద్యపాదాన్ని గణాలనే అక్షరాల గుంపులుగా విడదీయడంలో, తప్పేది సూత్రం రాక కాదు. అక్షరం పలకాలి, అది రెండు మాత్రల గురువో ఒక మాత్ర లఘువో తేల్చాలి, తేలినవి గుర్తుంచుకోవాలి, గణం ఎక్కడ తెగుతుందో చూడాలి. ఈ నాలుగూ మనసులోనే జరగాలంటే ఏదో ఒకటి జారిపోతుంది. అందుకే సగం పని చేతికి అప్పగించాలి. 2001లో మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ గోల్డిన్-మెడో, ఆమె సహచరులు చేసిన ప్రయోగంలో, లెక్క చేసిన తీరును చేతులు కదుపుతూ వివరించినవాళ్లకు ముందు చూపించిన జాబితా ఎక్కువగా గుర్తుంది. మన ఛందస్సులో మాత్రకు, అంటే అక్షరం పలికే కాలానికి, కొలతే చిటికె.

కావలసినవి: 20 చింతగింజలు, డజను గుల్లలు (మైపాడు తీరంలోనో కొత్తపట్నం తీరంలోనో ఏరుకొచ్చినవి చాలు), నాలుగు చీపురుపుల్ల ముక్కలు, ఒక మార్కాపురం రాతి పలక. అభ్యాసానికి ఈ ఆటవెలది పాదాలు:

పెన్న నీరు పారి పెరిగిన వరిచేలు
పచ్చ చీర కట్టి పలకరించె

ముందు చెవికి, చేతికి పొత్తు కుదరాలి. లఘువుకు చిటికె. గురువుకు అరచేత్తో తొడ మీద చరిచి, రెండో మాత్ర అయ్యేదాకా చెయ్యి అక్కడే ఆనించి ఉంచాలి. వెంటనే ఎత్తేస్తే గురువు కూడా లఘువంత పొట్టిదై, తేడా చెవికి అందదు.

మొదటి తప్పు మొదటి అక్షరంలోనే వస్తుంది. 'పె'కు దీర్ఘం లేదు కదా అని చిటికె వేస్తారు. ఒత్తున్న అక్షరానికి ముందుది గురువనే సూత్రం మళ్లీ చెప్పకండి. 'పెన్న' అని మెల్లగా పలికించి, నాలుక ఎక్కడ ఆగిందో అడగండి. 'పె' తర్వాత అది పైపళ్ల వెనక ఒక్క క్షణం అతుక్కుంటుంది. ఆ ఆగడమే రెండో మాత్ర. కొందరు తిరగేసి, ఒత్తు ఉంది కదా అని 'న్న'నే గురువు చేస్తారు. 'పెన్‌' దగ్గర చెయ్యి ఆనించి, 'న' దగ్గర చిటికె వేయిస్తే రెండు రోజుల్లో ఆ అలవాటు పోతుంది. 'పంటలు', 'అంగడి' లాంటి పదాల్లో సున్నకూ ఇదే మందు.

తర్వాత పలుకుతూ గురువుకు గుల్ల, లఘువుకు గింజ నేల మీద వరసగా పెట్టించండి. పై మొదటి పాదానికి 4 గుల్లలు, 10 గింజలు పడాలి. ఇక పుల్లలతో విడదీయడం. ఆటవెలది ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణానికి రెండే రూపాలు: గుల్ల-గింజ, లేదా మూడు గింజలు. రెంటికీ మూడు మాత్రలే. ఇంద్రగణానికి నాలుగో అయిదో. ఇక్కడ 'పెన్న', 'నీరు', 'పారి' మూడేసి, 'పెరిగిన' నాలుగు, 'వరిచేలు' అయిదు. నాలుగో గణం 'పె'తో మొదలై పాదం మొదటి 'పె'తో కలిసింది, యతి కుదిరింది. వృత్తాలకు (ఉత్పలమాల లాంటి, గణాల వరస మారని పద్యాలకు) అలవాటు పడ్డ పిల్లలు ఇక్కడా మూడేసి అక్షరాలకు పుల్ల పెట్టేస్తారు. వాళ్లను ఆపకండి. చివర రెండు అక్షరాలు మిగిలి, పుల్లలు వాళ్లే జరుపుకుంటారు. నోటుబుక్కులో అయితే ఇంత తేలిగ్గా జరపలేరు, కొట్టివేతలే మిగులుతాయి. పలక కూడా అందుకే. గుల్లలు తీసేశాక గుర్తులు ముందు దాని మీదే వేయించండి. రోజుకు రెండు పాదాలు, పావుగంట చాలు.

వృత్తాలకు గుల్లలు అక్కర్లేదు, వేళ్లే పనికొస్తాయి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. వేలికి మూడు కణుపులు, గణానికి మూడు అక్షరాలు. కుడిచేతి చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా బొటనవేలితో తాకుతూ పోతే 12 అక్షరాలు, తర్వాత ఎడమచెయ్యి చూపుడు వేలు. తిక్కన ఉత్పలమాల ఏదైనా తీసుకోండి: భ, ర, న, భ గణాలు కుడిచేతికి, భ, ర, వ ఎడమచేతికి (చివరి 'వ' ఒక్కటే రెండక్షరాల గణం). యతి పదో అక్షరం, అంటే కుడి చిటికెన వేలి మొదటి కణుపు. చంపకమాలకు 11, అదే వేలి రెండో కణుపు. శార్దూలానికి 13, ఎడమ చూపుడు వేలి మొదటి కణుపు. మత్తేభానికి 14, దాని పక్క కణుపు. పాదం మొదటి అక్షరం పలికి, నేరుగా ఆ కణుపు దగ్గరి అక్షరం పలికిస్తే యతి చెవికే తెలుస్తుంది.

బొటనవేలు ఏ కణుపు నుంచి మొదలైందో మరిచిపోతే లెక్క మొత్తం చెడుతుంది. ప్రతిసారీ చూపుడు వేలి అడుగు కణుపు నుంచే మొదలుపెట్టించండి. పొల్లు (అచ్చు లేని హల్లు) వచ్చినప్పుడు కొత్త కణుపు తాకకూడదు. 'రాముడున్' అంటే మూడు కణుపులే, చివరి 'డున్' అంతా కలిపి ఒక గురువు.

పరీక్షలో బల్ల కింద పిల్లల వేళ్లు కదులుతుంటే వారించకండి. సాధన పెరిగేకొద్దీ కదలిక చిన్నదవుతుంది, ముందు చిటికె చప్పుడు పోతుంది, తర్వాత బొటనవేలు కణుపును తాకీ తాకనట్టు పోతుంది. అది దానంతట అది ఆగేదాకా ఆగమని చెప్పవద్దు.